తిరుపతి, చిత్తూరు చెరువులలో కొర్రమీను వేట: రాడ్ కొనడం నుంచి చేపను చేతికి తీసుకునే వరకు

చేపల వేట వీడియోలలో మనవాళ్లు ఎక్కువగా చూసేది బాస్ చేపను. అది ఉత్తర అమెరికా మంచినీటి చేప, మన చెరువులలో దొరకదు. అయితే నీటిమొక్కల నీడలో కదలకుండా నిలబడి, పైన పోతున్న కప్పను ఒక్క ఉదుటున అందుకునే చేప మనకూ ఉంది. అదే కొర్రమీను. నగరి, సత్యవేడు వైపు తమిళం కలిసిన పల్లెలలో దీనినే విరాల్ అంటారు. రెండూ పొంచి ఉండి వేటాడే చేపలే కాబట్టి, బాస్ కోసం తయారైన రాడ్లు, రీళ్లు, రబ్బరు కప్పలు కొర్రమీనుకు చక్కగా పనికివస్తాయి. కాకపోతే కొర్రమీను మొప్పలతోపాటు నేరుగా గాలి కూడా పీల్చే చేప. పైగా మన చెరువులలో తామర, తుంగ, గుర్రపుడెక్క దట్టంగా ఉంటాయి. ఈ రెండు కారణాల వల్ల సామానులోనూ పద్ధతిలోనూ కొంత మార్పు చేసుకోవాలి. ఆ మార్పు తెలియక మొదటి ఏడాది నేను చాలా చేపలను పోగొట్టుకున్నాను. కొత్తగా మొదలుపెట్టేవారికి ఆ నష్టం తప్పాలని, పడవ లేకుండా ఒడ్డు నుంచే వేటాడేవారిని దృష్టిలో పెట్టుకుని, ఏ పని తరువాత ఏ పని చేయాలో వరుసగా రాస్తున్నాను.

ముందుగా అడగవలసినవారిని అడగాలి

రాడ్ కొనడానికి ముందే తేల్చుకోవలసిన విషయం ఇది. ఊరి చెరువులో నీళ్లు అందరివిగా కనిపించినా, అందులోని చేపల మీద హక్కు సాధారణంగా మత్స్యకార సహకార సంఘానికో, వేలంలో పాడుకున్నవారికో ఉంటుంది. వాళ్లు డబ్బు పెట్టి చేపపిల్లలను వదిలి, వల వేసే రోజు కోసం నెలల తరబడి ఎదురుచూస్తారు. చెప్పకుండా వెళ్లి గట్టు మీద రాడ్ విప్పితే గొడవ తప్పదు, ఆ గొడవలో న్యాయం కూడా వారి వైపే ఉంటుంది. ముందు రోజు సాయంత్రం ఊరిలోకి వెళ్లి, చెరువు ఎవరు పాడుకున్నారో కనుక్కుని, నేరుగా వారినే అడగాలి. వారు పెంచేది బొచ్చె, శీలావతి వంటి చేపలైతే కొర్రమీనును పెద్దగా ఇష్టపడరు, ఎందుకంటే వదిలిన పిల్లలను అది తినేస్తుంది. "కొర్రమీనుకు మాత్రమే వేస్తాం, వేరే చేప పడితే వదిలేస్తాం" అని ముందే చెబితే చాలామంది ఒప్పుకుంటారు. కొందరు కొంత సొమ్ము అడుగుతారు. అడిగినది ఇవ్వడమే మర్యాద. పిచ్చాటూరు దగ్గరి అరణియార్, కార్వేటినగరం దగ్గరి కృష్ణాపురం వంటి జలాశయాలకు వెళ్లదలచుకుంటే మత్స్యశాఖ కార్యాలయంలో అడిగి వెళ్లాలి.

కొన్ని చోట్లకు అసలు వెళ్లకూడదు. చంద్రగిరి దగ్గరి కల్యాణి డ్యామ్ తిరుపతికి, తిరుమలకు తాగునీరిచ్చే జలాశయం. తలకోన వాగులు, మడుగులు శ్రీవేంకటేశ్వర జాతీయ వనం పరిధిలోకి వస్తాయి. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యాన్ని ఆనుకున్న కుంటలకు ఏనుగులు నీళ్లు తాగడానికి వస్తాయి కనుక, చట్టాన్ని పక్కన పెట్టినా తెల్లవారుజామున అక్కడ ఉండటం ప్రాణాలకే ముప్పు. పులికాట్, నేలపట్టు పక్షుల రక్షిత ప్రాంతాలు. గుడి కోనేళ్ల సంగతి చెప్పనక్కరలేదు.

చెరువును చదవడం

కొత్తవాళ్లు సామాను గురించి వారాల తరబడి ఆలోచించి, చెరువు దగ్గరకు రాగానే ఎక్కడపడితే అక్కడ విసరడం మొదలుపెడతారు. నా అనుభవంలో చేప పడటం, పడకపోవడం విసరకముందే చాలావరకు తేలిపోతుంది. అందుకే మొదటి అరగంట రాడ్ విప్పకుండా చెరువును చూడటానికే కేటాయించమని నా సలహా.

కట్ట దగ్గర, ముఖ్యంగా తూము ముందు, నీళ్లు లోతుగా ఉంటాయి. కట్టకు ఎదురుగా, వాగు వచ్చి చేరే వైపు నీళ్లు పలచగా, మోకాలి లోతు నుంచి నడుము లోతు వరకు ఉంటాయి. కొర్రమీను ఎక్కువగా ఈ పలుచటి వైపే ఉంటుంది. తామరాకుల గుంపుకూ ఖాళీ నీటికీ మధ్య అంచు, తుంగ పొదల మధ్య చాప పరిచినంత ఖాళీ, నీటిలోకి వంగిన తుమ్మకొమ్మ నీడ, మొరవకు (నిండిన చెరువు నీరు పొర్లిపోయే అలుగుకు) దగ్గరగా రాళ్ల సందులు దాని ఇష్టమైన చోట్లు. ఎండాకాలంలో నీళ్లు ఇంకిపోయే కొద్దీ చేపలన్నీ తూము ముందు గుంతలోకీ, మట్టి తవ్వుకుపోయిన పల్లాలలోకీ చేరుతాయి. చెరువు పూర్తిగా ఎండినా కొర్రమీను తడిబురదలో దూరి కొంతకాలం బతకగలదు. అందుకే నిరుడు ఎండిన చెరువులో కూడా ఈ ఏడాది పెద్ద చేప కనిపిస్తే ఆశ్చర్యపోనవసరం లేదు.

నీడ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. స్వర్ణముఖి, అరణియార్, కుశస్థలి అన్నీ తూర్పుకే పారుతాయి, నేల వాలు అటే ఉంటుంది. కాబట్టి మన తూర్పు మండలాలలో చాలా చెరువులకు కట్ట తూర్పు వైపున ఉంటుంది. కట్ట మీద తాటిచెట్లో, వేపచెట్లో ఉంటే ఉదయం వాటి నీడ నేరుగా నీటి మీద పడుతుంది. ఎనిమిది గంటలు దాటి ఎండ చురుక్కుమనే సమయంలో ఎదుటి పలుచటి నీటిని వదిలి ఈ నీడకు రావాలి. సాయంత్రం అయితే తిరిగి పడమటి అంచుకు పోవాలి. ఊరు బయలుదేరేముందు గూగుల్ మ్యాప్‌లో ఉపగ్రహ చిత్రం తెరిచి చూస్తే కట్ట ఏ వైపు ఉందో, నీటిమొక్కల పచ్చటి చారలు ఎక్కడున్నాయో ఇంట్లో కూర్చునే తెలుస్తుంది. ఆ చిత్రం ఏ నెలలో తీసిందో చూసుకోవడం మరచిపోకూడదు. వానల తరువాతి చిత్రంలో నిండుగా ఉన్న చెరువు ఏప్రిల్‌లో బీడుగా కనబడవచ్చు.

ఇక చేపను కళ్లతో పట్టుకోవడం. కొర్రమీను కొన్ని నిమిషాలకు ఒకసారి గాలి కోసం పైకి రాక తప్పదు. వేటగాడికి ఇది పెద్ద వరం. అది పైకి వచ్చినప్పుడు "గుప్" అని మెత్తటి చప్పుడు, ఒకే ఒక వలయం, దాని మధ్య ఒకటి రెండు బుడగలు కనిపిస్తాయి. జిలేబీ (తిలాపియా) చేపలు నాచును కొరుకుతూ పైన చిటపటలాడిస్తాయి, శీలావతి పొర్లితే పెద్ద అల లేస్తుంది, తాబేలు ముక్కు బయట పెట్టి కాసేపు అలాగే ఉంటుంది. కొర్రమీను మాత్రం ఊపిరి తీసుకుని వెంటనే మాయమవుతుంది, మళ్లీ దాదాపు అదే చోట పైకి వస్తుంది. నిశ్శబ్దంగా పది నిమిషాలు కూర్చుంటే ఎన్ని చేపలు ఎక్కడ ఉన్నాయో లెక్క దొరుకుతుంది. గట్టు మీద గట్టిగా అడుగులు వేసినా, మన నీడ నీటి మీద పడినా ఆ లెక్క తప్పుతుంది.

పిల్లల గుంపు కనిపిస్తే

వానలు పడి కొత్తనీరు చేరాక కొర్రమీను గుడ్లు పెడుతుంది. పిల్లలు ఎర్రటి, నారింజ రంగు గుంపుగా, నీటి పైపొరలో కుంకుమ చల్లినట్టు కదులుతుంటాయి. వాటి కిందనే తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. ఆ గుంపు మీదుగా ఏది పోయినా, ఆకలి లేకపోయినా, తరమడానికే కొడతాయి. అంటే పట్టడం చాలా సులువు, పట్టకూడనిదీ అప్పుడే.

నేను ఈ వేట మొదలుపెట్టిన రోజులలో ఒక చెరువు దగ్గర అలాంటి గుంపు కనిపించగానే సంబరంగా రాడ్ ఎత్తాను. పక్కనే వల సరిచేసుకుంటున్న పెద్దాయన తల ఎత్తకుండానే అన్నాడు: "నాయనా, ఆడ ఎయ్యొద్దు. పిల్లల తల్లి ఉండాది. దాన్ని పీకితే ఆ పిల్లలన్నీ జిలేబీలకే పోతాయి." అప్పుడు తెలిసింది ఆ మాట ఎంత నిజమో. కాపలా పోయిన గంటలోనే చుట్టూ ఉన్న చిన్నచేపలు పిల్లల మీద పడతాయి. ఎర్రటి గుంపు కనిపించిన చోట కనీసం నెలరోజులు ఎర వేయకండి. అలా వదిలిన చెరువులోనే మరుసటి ఏడాది మీకు వేట ఉంటుంది.

రాడ్, రీలు, దారం

మొదటి రాడ్‌గా ఆరున్నర నుంచి ఏడు అడుగుల పొడవు, మీడియం హెవీ బలం, కొన దగ్గర మాత్రమే వంగే రకం తీసుకోవాలి. రాడ్ మీద ఎంత బరువు ఎరలు విసరవచ్చో గ్రాములలో రాసి ఉంటుంది. 10 నుంచి 30 గ్రాముల మధ్య ఉంటే మన అవసరానికి సరిపోతుంది. చేపల వీడియోలలో సన్నటి రాడ్లు విల్లులా వంగడం చూడటానికి బాగుంటుంది కానీ, తామరతూళ్ల మధ్య నుంచి చేపను బయటకు లాగేటప్పుడు ఆ వంపు మనకు శత్రువు. రాడ్ వంగి తేరుకునేలోగా కొర్రమీను తూళ్లకు చుట్టుకుంటుంది.

రీళ్లలో రెండు రకాలు ఉన్నాయి. రాడ్ కింద వేలాడే స్పిన్నింగ్ రీలు నేర్చుకోవడం తేలిక. 3000 లేదా 4000 సైజు చాలు. రాడ్ పైన కూర్చునే బెయిట్‌కాస్టర్ రీలుకు లాగే బలం, గురి ఎక్కువ, కానీ బొటనవేలితో అదుపు చేయడం రాకపోతే దారం గూడు కట్టేస్తుంది. మొదటి రీలుగా స్పిన్నింగ్‌నే తీసుకుని, చేయి కుదిరాక రెండవదానికి వెళ్లమని నా అభిప్రాయం. బెయిట్‌కాస్టరే కావాలనుకునేవారు ఈ పద్ధతి పాటించాలి. ఎర కట్టి రాడ్‌ను అడ్డంగా పట్టుకుని మీట నొక్కి వదిలినప్పుడు ఎర నెమ్మదిగా దిగాలి. నేలకు తగలగానే స్పూలు (రీలులో దారం చుట్టుకుని ఉండే చక్రం) కూడా ఆగిపోవాలి. అలా ఆగే వరకు పక్కనున్న బిరడాను బిగించాలి. అయస్కాంతపు బ్రేకును మొదట ఎక్కువలో పెట్టి, రోజురోజుకూ కొంచెం కొంచెం తగ్గించుకోవాలి. ఎర నీటిని తాకే క్షణానికి ముందే బొటనవేలు స్పూలును తాకాలి. మిద్దె మీద బకెట్టు పెట్టి, కొక్కేలు తీసేసిన ఎరతో వారం రోజులు సాధన చేస్తే ఆ అలవాటు వస్తుంది.

దారం విషయంలో మాత్రం రాజీ పడకండి. మొదటిసారి ఒక దుకాణంలో రాడ్‌తోపాటు చుట్టి ఇచ్చిన సన్నటి నైలాన్ దారాన్నే నమ్ముకుని వెళ్లాను. మూడవ వేటలో పెద్ద చేప ఎర అందుకుని తామరతూళ్లలోకి దూసుకుపోయింది, నేను లాగాను, దారం తూడుకు ఒరుసుకుని తెగిపోయింది. చేప పోయినందుకు కాదు, రెండు కొక్కేల ఎర దాని నోటిలో మిగిలిపోయినందుకు ఆ రోజంతా నాకు అన్నం సహించలేదు. అప్పటినుంచి 40 పౌండ్ల, అంటే సుమారు 18 కిలోల బరువు మోసే అల్లిక దారం తప్ప వేరేది వాడలేదు. అల్లిక దారం సాగదు, తూళ్లను కోసుకుంటూ వస్తుంది. దీన్ని నేరుగా స్పూలుకు చుడితే జారి తిరుగుతుంది కనుక, అడుగున కొన్ని చుట్లు మామూలు నైలాన్ దారం చుట్టి దాని మీద ఇది చుట్టాలి. మొక్కలు దట్టంగా ఉన్న చోట ఎరను అల్లిక దారానికే నేరుగా కట్టవచ్చు. నీళ్లు తేటగా, ఖాళీగా ఉన్న చోట చివరన రెండడుగుల మందపాటి నైలాన్ ముక్క కలుపుకుంటే మంచిది. కొర్రమీను పళ్లు వాడిగానే ఉంటాయి కానీ ఉక్కు తీగ అవసరం లేదు. ప్రతి చేప తరువాత చివరి అడుగు దారాన్ని వేళ్ల మధ్య జార్చి చూసి, గరుకు తగిలితే కోసేసి కొత్తగా ముడి వేయాలి.

ఒకే ఒక ముడి

అల్లిక దారానికి పాలోమార్ అనే ముడి ఒక్కటి వస్తే చాలు. దారం కొసను జానెడు వెనక్కి మడిచి జంటగా చేయాలి. ఆ జంట కొసను ఎర ముందున్న రింగులోంచి దూర్చాలి. దూర్చిన జంటతోనే ఒక మామూలు ముడి వదులుగా వేయాలి, బిగించకూడదు. ఇప్పుడు చివరన మిగిలిన ఉచ్చులోంచి ఎర మొత్తాన్ని దాటించాలి. తరువాత ముడిని తడిపి, రెండు దారాలనూ కలిపి మెల్లగా లాగాలి. పొడిగా లాగితే ఒరిపిడి వేడికి దారం బలం తగ్గుతుంది. ముడి దగ్గర అర సెంటీమీటరు వదిలి కొస కత్తిరించాలి. ఆ తరువాత కొక్కేన్ని పట్టకారుతో పట్టుకుని గట్టిగా ఒకసారి లాగి చూడాలి. తెగితే ఇక్కడే తెగాలి.

ఎరలు: రబ్బరు కప్ప ముందు, మిగిలినవి తరువాత

మన పల్లెలలో కొర్రమీనుకు బతికున్న కప్పను గాలానికి గుచ్చడం పాత అలవాటు. దాన్ని మానేయమని కోరుతున్నాను. బోదురుకప్పకు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. పొలాలలో పురుగులను తినే జీవి అది. పైగా కప్పను లోపలికి మింగిన చేప గొంతులో గాలం దిగుతుంది, వదలాలన్నా బతకదు.

లోపల డొల్లగా ఉండే రబ్బరు కప్ప ఆ పని అంతకంటే బాగా చేస్తుంది. నాలుగు నుంచి ఆరు సెంటీమీటర్ల పొడవు, 10 నుంచి 15 గ్రాముల బరువు ఉన్నది తీసుకోవాలి. దాని రెండు కొక్కేలు వీపుకు ఆనుకుని పైకి చూస్తుంటాయి కాబట్టి ఆకులకు తగులుకోదు. చేప నోరు మూయగానే డొల్ల అణిగి కొక్కేలు బయటపడతాయి. కొనేటప్పుడు రెండు వేళ్లతో నొక్కి చూడండి. తేలికగా అణగాలి, కొక్కేల మొనలు స్పష్టంగా బయటకు రావాలి. గట్టి రబ్బరు కప్ప ఎంత అందంగా ఉన్నా కొనవద్దు. ఇంటికి తెచ్చాక కొక్కేలను పట్టకారుతో ఒక వెంట్రుకవాసి పైకి వంచితే గుచ్చుకోవడం మెరుగుపడుతుంది. మొన వెనక ఉండే చిన్న ముల్లును అదే పట్టకారుతో నొక్కి అణచివేస్తే చేపకూ మన వేళ్లకూ మేలు. అలా అణచినందువల్ల చేపలు ఎక్కువగా తప్పించుకుంటాయన్నది నా చేతిలో రుజువు కాలేదు, దారం బిగువు సడలనివ్వకపోతే చాలు.

రంగు గురించి ఎక్కువ వాదన అనవసరం. చేప కింది నుంచి చూస్తుంది, దానికి కనిపించేది ఎర నీడే. నల్లది ఒకటి, ఆకుపచ్చది ఒకటి, తెల్లటి పొట్ట ఉన్నది ఒకటి ఉంటే ఏడాది గడిచిపోతుంది. తోక దగ్గర చిన్న రేకు తిరిగే కప్పలు కలకనీటిలో చప్పుడుతో చేపను పిలుస్తాయి, వానల తరువాత అవి బాగా పనిచేస్తాయి. చేప పైకి రావడానికి ఇష్టపడని రోజున మెత్తటి ప్లాస్టిక్ పురుగును, కొక్కెం మొన దాని ఒంట్లోనే దాగేలా గుచ్చి, ముందు చిన్న గుండు వేసి, ఆకుల అంచు పక్కన నెమ్మదిగా దించాలి. బాస్ వేటలో దీన్ని టెక్సాస్ రిగ్ అంటారు. మొదలుపెట్టడానికి ఇంతకుమించి పెట్టె నింపుకోవలసిన పని లేదు.

విసరడం, నడిపించడం

ఊపిరి తీసిన వలయం కనిపించిన చోట ఎరను సరిగ్గా దాని నెత్తిన వేయకూడదు, చేప బెదురుతుంది. రెండు మూడు మీటర్లు దాటించి, ఆకు మీద పడేలా వేయాలి. ఆకు మీద పడిన కప్పను ఒక క్షణం అలాగే ఉంచి, నీటిలోకి జారేలా చిన్నగా లాగాలి. నిజమైన కప్ప కూడా నీటిలోకి అలాగే దిగుతుంది. అక్కడినుంచి రాడ్ కొనను నీటి వైపు దించి, మణికట్టుతో చిన్న చిన్న కుదుపులు ఇస్తూ, ప్రతి కుదుపు తరువాత వదులైన దారాన్ని రీలుతో చుట్టుకోవాలి. రెండు మూడు కుదుపులు, ఒక విరామం. ఆకుల మధ్య ఖాళీ వచ్చినప్పుడు విరామాన్ని పొడిగించాలి. చాలాసార్లు చేప కొట్టేది ఎర ఆగినప్పుడే.

ఒక చోట పది సార్లు విసిరినా కదలిక లేకపోతే నాలుగడుగులు జరగాలి. గట్టు వెంట నడుస్తూ వేసే వేట ఇది, కుర్చీ వేసుకుని కూర్చునేది కాదు. గాలికి సన్నటి అలలు లేస్తున్నప్పుడు నిరుత్సాహపడకండి, ఆ అలలు మన నీడనూ దారాన్నీ దాచిపెడతాయి.

చేప కొట్టిన ఆ రెండు క్షణాలు

ఈ వేటలో ఎక్కువ చేపలు పోయేది ఇక్కడే. నీళ్లు పగిలినట్టు చప్పుడై, ఎర ఉన్నచోట సుడి మాత్రం మిగులుతుంది. గుండె ఝల్లుమంటుంది, చేయి తనంతట తానే రాడ్‌ను ఎత్తబోతుంది. ఎత్తకూడదు. అప్పటికి చేప ఎరను పెదవులతో పట్టుకుని ఉంటుంది, నోరు పూర్తిగా మూయలేదు. ఒకటి, రెండు అని లెక్కపెడుతూ రాడ్ కొనను చేప వైపు దించి, వదులు దారాన్ని చుట్టేసి, దారంలో బరువు తగిలాకే రెండు చేతులతో బలంగా పైకి ఎత్తాలి. బరువు తగలకపోతే ఎత్తవద్దు. ఎర ఇంకా అక్కడే ఉంటే కదిలించకుండా ఆపండి, చాలాసార్లు చేప తిరిగి వస్తుంది.

గుచ్చుకున్న తరువాత చేపను ఆడించాలన్న కోరిక వదిలేయాలి. డ్రాగ్‌ను, అంటే చేప గట్టిగా లాగినప్పుడు రీలు దారం ఎంత వదలాలో అదుపు చేసే బిగింపును, ముందే బాగా బిగించి ఉంచాలి. రాడ్ పైకి పెట్టి, ఆగకుండా చుట్టి, చేప తలను నీటి పైకి తెచ్చేయాలి. తల పైకి వచ్చిన కొర్రమీను ఆకుల మీదుగా జారుతూ వస్తుంది. తల కిందికి పోనిస్తే తూళ్లలో చుట్టుకుంటుంది. ఒకవేళ చుట్టుకుంటే బలవంతంగా గుంజకుండా దారాన్ని బిగువుగా పట్టుకుని ఒక నిమిషం ఆగండి, చేప తనే కదిలి దారి ఇస్తుంది. ఒడ్డు దగ్గర ఒక్కసారి తల విదిలిస్తుంది, ఆ సమయంలో దారం సడలితే అంతా పోతుంది. చిన్న చేతివల ఉంటే ఈ చిక్కు ఉండదు.

ఎప్పుడు వెళ్లాలి, ఏమి తీసుకెళ్లాలి

మన రెండు జిల్లాలకు, ముఖ్యంగా తూర్పు వైపున, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడే ఈశాన్య రుతుపవనాల వానలే చెరువులు నింపుతాయి. మొరవ పోతున్న రోజులలో నీరు కలకగా, ఉరవడిగా ఉంటుంది, గట్లు కూడా నమ్మదగినవి కావు. సంక్రాంతి దాటాక నీళ్లు తేరుకుని, తామర ఎదిగి, చేపలు తమ తమ చోట్లలో కుదురుకుంటాయి. జనవరి చివర నుంచి ఏప్రిల్ వరకు నాకు ఎక్కువ నమ్మకం. మే నెలలో వెలుగు రాకముందు వెళ్లి ఎనిమిదిలోపు ముగించాలి, ఆ తరువాత ఎండను మనిషీ తట్టుకోలేడు, చేపా మేత ముట్టదు. పెరటాసి నెలలో (సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య వరకు వచ్చే తమిళ నెల) మన వైపు చాలా ఇళ్లలో మాంసం ముట్టరు కనుక, ఆ రోజులలో పట్టి వదిలే ఉద్దేశంతోనే వెళ్లడం, ఊళ్లో ముందే ఆ మాట చెప్పడం మంచిది.

మొదటి ప్రయాణానికి ఇంటి నుంచి గంటలోపు చేరే ఒక్క చెరువునే ఎంచుకోండి. తిరుపతి నుంచి తెల్లవారుజామున నాలుగున్నరకు బండి మీద బయలుదేరితే వెలుగు వచ్చేసరికి గట్టు మీద ఉండవచ్చు. ఒకే రోజు మూడు చెరువులు తిరిగేకంటే ఒకే చెరువుకు మూడు సార్లు వెళితే ఎక్కువ నేర్చుకుంటారు. ఒంటరిగా వెళ్లకండి, ఏ చెరువుకు వెళుతున్నారో ఇంట్లో చెప్పండి.

మడమలు కప్పే బూట్లు తప్పనిసరి. గట్ల మీద రాళ్లలో, గడ్డిలో రక్తపింజర ఉంటుంది, అది మెలకువగా పక్కకు తప్పుకునే పాము కాదు. టార్చి, రెండు లీటర్ల నీళ్లు, టోపీ, పొడవు ముక్కు పట్టకారు, కత్తెర, గాయానికి మందూ గుడ్డా, కొక్కెం కోయగల కటింగ్ ప్లయర్ సంచిలో ఉండాలి. నీటిలోకి దిగవద్దు. మట్టి తవ్విన గుంతలు పైకి కనిపించవు, మోకాలి లోతు పక్కనే రెండు మనుషుల లోతు ఉంటుంది. కార్బన్ రాడ్‌లో విద్యుత్తు ప్రవహిస్తుంది కాబట్టి మోటార్ల తీగల కింద దాన్ని ఎత్తి నడవకూడదు, ఉరుము వినబడగానే రాడ్ కింద పెట్టి గట్టు దిగిపోవాలి. కొక్కెం వేలిలో ముల్లు దాటి దిగితే లాగకుండా, దారం కోసి, ఆసుపత్రికి వెళ్లి తీయించుకుని ధనుర్వాతం సూది వేయించుకోవాలి.

చేతికి వచ్చిన చేప

ముందు చేతులు తడుపుకోవాలి. పొడిచేతితో పట్టుకుంటే చేప ఒంటి జిగురుపొర ఊడి, తరువాత పుండు పడుతుంది. కొర్రమీను చాలా జారుతుంది, ఒక చేయి తల వెనక, మరొక చేయి పొట్ట కింద పెట్టాలి. మొప్పలలో వేలు పెట్టకూడదు. పట్టకారుతో కొక్కేన్ని అది దిగిన దారినే వెనక్కి తిప్పి తీయాలి. ఫోటో తీసుకోవాలంటే కెమెరా సిద్ధమయ్యాకే నీటి నుంచి ఎత్తాలి, కాలిన రాతి మీద పడుకోబెట్టకూడదు.

నేను అరకిలోకు తక్కువ ఉన్నవాటిని, రెండు కిలోలు దాటినవాటిని వదిలేస్తాను. చిన్నవి ఇంకా పెరగాలి, పెద్దవి గుడ్లు పెట్టే తల్లులు. మధ్య సైజువి, అదీ చెరువువారు ఒప్పుకుంటేనే, ఇంటికి ఒకటి రెండు చాలు. ముళ్లు తక్కువ కనుక పిల్లలకు కూడా ఆ పులుసు పెట్టవచ్చు. బతికి ఉండగా తేవాలనుకుంటే బకెట్టును అంచు వరకు నింపి మూత బిగించే పొరపాటు చేయకండి. కొర్రమీను పైకి వచ్చి గాలి పీల్చాలి, ఆ ఖాళీ లేకపోతే నీటిలోనే ఊపిరాడక చచ్చిపోతుంది. సగం నీళ్లు, సగం గాలి, చిల్లులున్న మూత పెట్టాలి. మూత మీద బరువు కూడా పెట్టండి, అది ఎగిరి బయటపడుతుంది. ఒక చెరువు చేపను మరొక చెరువులో వదలడం మాత్రం ఎప్పుడూ చేయవద్దు.

ఇంటికి చేరాక రబ్బరు కప్పను నొక్కి లోపలి నీరు పిండేసి, నీడలో ఆరబెట్టాలి. చేప పళ్లు పడి చిల్లు కనిపిస్తే సూపర్ గ్లూ చుక్క వేసి మూసేయవచ్చు, లేకపోతే మరుసటి వేటలో నీరు నిండి మునిగిపోతుంది. దారం చివరి రెండు మీటర్లు కోసేసి, ఆ ముక్కలను చెత్తబుట్టలో వేయాలి, గట్టు మీద వదిలితే కొంగల కాళ్లకు చుట్టుకుంటుంది. రాడ్ రింగులలో దూది తిప్పి చూస్తే పగులు ఉన్న చోట పోగు తగులుకుంటుంది, ఆ రింగును మార్పించాకే మళ్లీ దారం ఎక్కించాలి.